పైథాన్ చెబుతుంది, సి చేస్తుంది

(సొసైటీ వేసవి కంప్యూటర్ తరగతుల ముగింపు సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం 'కంప్యూటర్ ఆటలు, మన పిల్లలు'. ఆటలు ఆడటం వల్ల కలిగే నష్టాల గురించి మాట్లాడతానని కొందరు అనుకుని ఉంటారు. ఆ సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆటలు తయారుచేయడం గురించి మాట్లాడతాను. అందులోనూ ఒకే ఒక్క సంగతి. పైథాన్ లాంటి తేలిక భాషలో ఆట రాస్తూ, అసలు బరువు పనంతా సి భాషలో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన లైబ్రరీలతో ఎలా చేయించుకోవచ్చు అన్నది. వినడానికి ఇంజనీరింగ్ కాలేజీ పాఠంలా ఉంది. నేను ఇంజనీరును కాను, బీఈడీ చేసిన లెక్కల టీచర్ని. లెక్కల టీచరుకు అర్థమైన పద్ధతిలోనే చెబుతాను.

ఈ అంశమే ఎందుకంటే, ఈ వేసవిలో రెండు మాటలు నా చెవిన పడ్డాయి. ఒక తండ్రి వచ్చి, "సార్, ఫోన్లో ఆటలు మాన్పిద్దామని మీ దగ్గరికి పంపితే మీరే ఆటలు చేయిస్తున్నారేంటి?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు, ఆయన బాధలో న్యాయమూ ఉంది. రెండో మాట పదో తరగతి కుర్రాడి ఇంట్లో పుట్టింది. పైనుంచి రాలే మామిడికాయలను బుట్టతో పట్టుకునే ఆట చేశాడు వాడు. బీటెక్ చదువుతున్న అన్నయ్య చూసి, "పైథాన్‌లో ఆటలేంట్రా, అది స్లో. అసలైన ఆటలు సి ప్లస్ ప్లస్‌లో రాస్తారు, అది నీ వల్ల కాదు" అన్నాడట. కుర్రాడు మూడు రోజులు తరగతికి రాలేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ రెండో మాటే. మన పిల్లల్లో చాలామంది దానంగా వచ్చిన పాత కంప్యూటర్ల మీద నేర్చుకుంటున్నారు. కొందరు తెలుగు మీడియం, కొందరు ఉర్దూ మీడియం. 'ఇది మనలాంటి వాళ్లకు కాదు' అనే మాట వాళ్ల మనసుకు ఇట్టే అంటుకుంటుంది. ఆ అన్నయ్య మాటలో నిజమెంతో లెక్కగట్టి చూద్దాం.

కంప్యూటర్ ప్రాసెసర్‌కు తన సొంత యంత్రభాష ఒక్కటే తెలుసు. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన సి భాషలో ప్రోగ్రాం రాస్తే, కంపైలర్ అనే మరో ప్రోగ్రాం దాన్ని మొత్తంగా ముందే యంత్రభాషలోకి మార్చి పెడుతుంది. ఒక పుస్తకాన్ని పూర్తిగా అనువదించి అచ్చువేసి చేతికిచ్చినట్టు. నడిపేటప్పుడు ఇక అనువాదం పని ఉండదు. గైడో వాన్ రోసమ్ 1991లో బయటపెట్టిన పైథాన్ అలా కాదు. అక్కడ పక్కన ఒక దుబాసీ కూర్చుంటాడు. మనం రాసిన ప్రతి ఆజ్ఞనూ, అది వచ్చిన ప్రతిసారీ, చూసి అర్థం చేసుకుని చేయిస్తాడు. అదే వాక్యం వెయ్యిసార్లు వస్తే వెయ్యిసార్లూ చూస్తాడు. అందుకే నేర్చుకోవడానికి, మార్చుకోవడానికి హాయి. అందుకే నిదానం కూడా. ఇంకో ముచ్చట, మనం మామూలుగా వాడే పైథాన్ దుబాసీని రాసింది కూడా సి భాషలోనే.

ఇప్పుడు లెక్క. తెర మీద బొమ్మ కదులుతున్నట్టు కనబడాలంటే సెకనుకు 60 సార్లు గీయాలనుకోండి. ఒక్కో బొమ్మకు మనకు దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లు. 640 అడ్డం, 480 నిలువు ఉన్న చిన్న కిటికీలో 3,07,200 చుక్కలు ఉంటాయి. ప్రతి చుక్కకూ రంగు వేయమని పైథాన్‌కు చెబితే, సెకనుకు 1,84,32,000 సార్లు చెప్పాలి. మన పాత కంప్యూటర్ల మీద దుబాసీ ఇంత పని చేయలేడు. అన్నయ్య ఇక్కడివరకు నిజమే చెప్పాడు.

కానీ మామిడికాయల ఆట రాసిన కుర్రాడు ఒక్క చుక్కకు కూడా తన చేత్తో రంగు వేయలేదు. 'ఈ కాయ బొమ్మను ఇక్కడ అంటించు' అన్నాడు, అంతే. ఆ ఆజ్ఞ అందుకున్నది పైగేమ్. పైగేమ్ దాన్ని ఎస్‌డీఎల్ అనే లైబ్రరీకి అందిస్తుంది. ఎస్‌డీఎల్ సి భాషలో రాసింది, ముందే యంత్రభాషలోకి మారి సిద్ధంగా ఉన్నది. కాయ బొమ్మలోని వేల చుక్కలను తెరమీదికి చేర్చింది అదే. సామ్ లాంటింగా అనే ప్రోగ్రామర్ 1998లో ఎస్‌డీఎల్‌ను విడుదల చేశాడు. ఆ రోజుల్లో ఆయన పనిచేసిన లోకి సాఫ్ట్‌వేర్ అనే సంస్థ విండోస్ ఆటలను లినక్స్ మీదికి తెచ్చేది. తర్వాత 2000లో పీట్ షినర్స్ ఆ లైబ్రరీకి పైథాన్ వైపునుంచి ఒక తలుపు పెట్టాడు. అదే పైగేమ్. మొదట మొదలైన ఇరవై ఏళ్లకు, 2020లో, దాని రెండో రూపం వచ్చింది.

అంటే మన కుర్రాడి ఆటలో ఏది ఎవరి పని? కాయ ఎప్పుడు రాలాలి, ఎంత వేగంగా రాలాలి, బుట్టలో పడితే ఎన్ని మార్కులు, మూడు కాయలు జారిపోతే ఆట ముగియాలా వద్దా, ఇదంతా పైథాన్. సెకనుకు కొన్ని వందల నిర్ణయాలు, దుబాసీకి అదేమంత పని కాదు. గీయడం, శబ్దం వినిపించడం, కీబోర్డు నొక్కితే పట్టుకోవడం సి చేస్తుంది. తలలో ఆలోచన ఒకచోట, చేతిలో బలం ఒకచోట ఉన్నాయి. రెండూ ఒకే భాషలో ఉండాలని నియమమేమీ లేదు.

పెద్ద పెద్ద ఆటలు తయారుచేసేవాళ్లు కూడా ఇలాగే చేశారు. 2005లో వచ్చిన సివిలైజేషన్ 4 ఆటలో లోపలి ఇంజను సి ప్లస్ ప్లస్, ఆట నడక మార్చుకునే భాగం పైథాన్. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆటగాళ్లు తమ తెరను మార్చుకోవడానికి లువా అనే చిన్న భాష ఉంది. 2024లో ప్రపంచమంతా ఆడిన బలాట్రో అనే ఆట మొత్తం లువాలో, లవ్ అనే ఉచిత చట్రం మీద రాసిందే. ఆ లవ్ కింద కూడా మళ్లీ ఎస్‌డీఎల్‌యే ఉంది. అది పేకముక్కల ఆట కాబట్టి పిల్లలను ఆడమని సిఫారసు చేయను. ఎలా కట్టారో చూడమని మాత్రమే చెబుతాను.

లువా ఎక్కడ పుట్టిందో చెప్పకుండా ముందుకు పోలేను. అమెరికాలో కాదు. బ్రెజిల్ దేశం, రియో డి జనీరో నగరం, అక్కడి కాథలిక్ విశ్వవిద్యాలయం, 1993. రాబర్టో యెరుసాలిమ్‌స్కీ, లూయిజ్ ఎన్రికే డి ఫిగరేడో, వాల్డెమార్ సెలెస్ అనే ముగ్గురు తయారుచేశారు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ దేశంలో కంప్యూటర్ల దిగుమతి మీద, సాఫ్ట్‌వేర్ దిగుమతి మీద గట్టి ఆంక్షలు ఉండేవి. బయటినుంచి కొనుక్కోవడం కష్టమైనచోట సొంతంగా చేసుకునే అలవాటు పెరిగింది. తమ దేశపు చమురు సంస్థ పెట్రోబ్రాస్ పనుల కోసం వాళ్లకు ఒక చిన్న భాష కావలసివచ్చింది. ఇంజనీర్లు సులువుగా వాడుకునేది, సి ప్రోగ్రాంలో సులువుగా ఇమిడిపోయేది. అలా చేసుకున్న భాష ఐదేళ్లు తిరక్కుండానే గ్రిమ్ ఫాండాంగో అనే పేరున్న అమెరికన్ ఆటలోకి వెళ్లింది. లువా అంటే వాళ్ల పోర్చుగీసులో చంద్రుడు.

ఇక అన్నయ్య మాటలో నిజమైన సగం సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని మా తరగతిలోనే చూశాం. తొమ్మిదో తరగతి అమ్మాయి మంచు కురిసే దృశ్యం చేద్దామనుకుంది. వేల మంచు చుక్కలు, ఒక్కొక్కటినీ పైథాన్‌లో లెక్కించి ఒక్కొక్క పిక్సెల్‌గా పెట్టింది. కిటికీ నత్తనడక నడిచింది. "సార్, కంప్యూటర్ పాతదైపోయింది" అంది. కంప్యూటర్ పాతదే, కానీ తప్పు దానిది కాదు.

పిండిమరకు గోధుమలు పట్టించడానికి వెళతాం కదా, కొన్ని ఊళ్లలో గిర్నీ అంటారు. మర క్షణంలో పిండి చేస్తుంది. కానీ మీరు ఒక్కో గుప్పెడు గోధుమలు పట్టుకుని, ఇంటినుంచి నడిచి వెళ్లి, పట్టించుకుని, ఇంటికొచ్చి, మళ్లీ ఇంకో గుప్పెడు తీసుకెళితే? మర ఎంత వేగమైనదైనా రోజంతా దారిలోనే గడిచిపోతుంది. పైథాన్‌నుంచి సి లోకి వెళ్లి రావడానికి కూడా దారి ఖర్చు ఉంది. వెళ్లిన ప్రతిసారీ పైథాన్ అంకెను విప్పి సి అంకెగా మార్చాలి, జవాబును మళ్లీ చుట్టి తేవాలి. ఒక్క పిక్సెల్ కోసం వెళ్లినా, పెద్ద బొమ్మ కోసం వెళ్లినా ఆ నడక తప్పదు. కాబట్టి డబ్బా నిండా తీసుకెళ్లాలి.

ఆ అమ్మాయి ఏంచేసిందంటే, కొన్ని వందల మంచు చుక్కలున్న బొమ్మను ఆట మొదలయ్యే ముందు ఒకసారి తయారుచేసుకుంది. అలాంటివి మూడు పొరలు. ఇక ప్రతిసారీ ఆ మూడు పొరలను కాస్త కిందికి జరిపి అంటించడమే. వేల నడకలు పోయి మూడే మిగిలాయి. అదే కంప్యూటర్, అదే పైథాన్, మంచు మాత్రం నిజంగా కురిసింది. ప్రతి చుక్కా వేరుగా కదలాల్సిందే అనుకుంటే నంపై ఉంది. లక్ష అంకెలను ఒకే ఆజ్ఞతో కూడుతుంది, ఎందుకంటే దాని గుండెకాయ కూడా సి.

ఇదే లెక్కన మా పిల్లల ఆటల్లో మేం వెతికి తీసేసినవి ఇంకా ఉన్నాయి. బొమ్మ ఫైలును ప్రతి ఫ్రేములోనూ డిస్కునుంచి తెరవడం, తెరకు తగిన రూపంలోకి ముందే మార్చుకోకపోవడం, మార్కులు మారకపోయినా సెకనుకు 60 సార్లు అదే అంకెను కొత్తగా అక్షరాలుగా గీయించడం. ఇవి సరిచేయడానికి సి రావక్కర్లేదు. గీత ఎక్కడుందో తెలిస్తే చాలు.

ఒక్కోసారి మరకు వెళ్లాల్సిన అవసరమే ఉండదు. 500 వస్తువులు ఒకదానికొకటి తగులుతున్నాయా అని చూడాలంటే 1,24,750 జతలను పరీక్షించాలి. సెకనుకు 60 సార్లు అంటే 75 లక్షలకు దగ్గర. దీన్ని సి లోకి మార్చేముందు తెరను గళ్లుగా విడగొట్టి, పక్కపక్క గళ్లలో ఉన్నవాటినే పోల్చండి. చాలా జతలు రాలిపోతాయి. లెక్క తెలివిగా చేయడం మొదటిది, యంత్రం వేగం తర్వాతిది. లెక్కల టీచర్ని కదా, ఈ మాట అనకుండా ఉండలేను. అప్పటికీ సరిపోకపోతే చిప్‌మంక్ అనే భౌతికశాస్త్ర లైబ్రరీ సి లో సిద్ధంగా ఉంది, పైమంక్ ద్వారా పైథాన్‌నుంచి అందుతుంది. బంతి ఎగరడం, దొర్లడం, ఢీకొనడం అది చూసుకుంటుంది.

ఇంతవరకు మనకోసం ఎవరో పెట్టిన తలుపుల గురించి చెప్పాను. తలుపు లేని లైబ్రరీ ఒకటి మన చేతికి వస్తే? పైథాన్‌లోనే సిటైప్స్ అనే సాధనం ఉంది, 2006లో వచ్చిన 2.5 రూపంనుంచి అది పైథాన్‌తోపాటే వస్తోంది. విండోస్‌లో డీఎల్‌ఎల్, లినక్స్‌లో ఎస్‌ఓ అనే తోకలున్న ఫైళ్లు చూసే ఉంటారు. అవే కంపైలైన లైబ్రరీలు. సిటైప్స్‌తో ఆ ఫైలును తెరిచి, లోపలి ఫంక్షన్‌ను పేరుపెట్టి పిలవవచ్చు. పెద్ద పిల్లలు ఈ భాగం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇక్కడ పైథాన్ మనల్ని చేయిపట్టుకుని నడిపించదు.

కంపైలైన ఫైలులో మామూలుగా ఫంక్షన్ల పేర్లు ఉంటాయి గాని, అవి ఏ రకం అంకెలు తీసుకుంటాయో, ఏ రకం జవాబిస్తాయో సిటైప్స్‌కు కనబడదు. మనమే చెప్పాలి. చెప్పకపోతే జవాబు మామూలు పూర్ణాంకం, అంటే 32 బిట్లు, అని సిటైప్స్ అనుకుంటుంది. ఇప్పుడు ఎస్‌డీఎల్‌ను 'ఒక కిటికీ తెరువు' అని అడిగితే అది తిరిగి ఇచ్చేది కిటికీ మెమరీలో ఉన్న చిరునామా. ఈనాటి కంప్యూటర్లలో ఆ చిరునామాకు 64 బిట్లు. సగం తెగిపోతుంది. ఇంటి నంబరు ఉండి, వీధి పేరు చినిగిపోయిన ఉత్తరం అన్నమాట. చిరునామా చిన్నదైతే అదృష్టం కొద్దీ చేరుతుంది, లేదంటే పరాయి ఇంటి తలుపు తడుతుంది. అప్పుడు ఏ ఎర్ర అక్షరాల సందేశమూ రాదు, ఆట చటుక్కున మాయమవుతుంది. 'నా దగ్గర నడిచింది, వాడి దగ్గర నడవలేదు' అనే ఫిర్యాదుల వెనక ఇది ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ఫంక్షన్‌ను పిలిచేముందు అది ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది అన్న రెండు సంగతులూ రాసి తీరాలి. ఫాల్ట్‌హ్యాండ్లర్ అనే చిన్న సాధనం పైథాన్‌లో ఉంది, దాన్ని ముందే ఆన్ చేసుకుంటే కుప్పకూలిన క్షణంలో పైథాన్ ఏ వరుస దగ్గర ఉందో అయినా తెలుస్తుంది.

మెమరీ కూడా అలాంటిదే. పైథాన్‌లో వాడి పారేసిన వస్తువులను అదే ఊడ్చేస్తుంది. సి లో ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి, ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్లకే ఇవ్వాలి. ఎస్‌డీఎల్ ఇచ్చిన కిటికీని ఎస్‌డీఎల్‌కే అప్పగించి మూయించాలి. ఇక మన పైథాన్ ఫంక్షన్‌ను 'అవసరమైనప్పుడు దీన్ని పిలువు' అని సి కి అప్పజెప్పామనుకోండి, సి దాన్ని పట్టుకుని కూర్చుందని పైథాన్‌కు తెలియదు. మనం దానికో పేరు పెట్టి భద్రంగా ఉంచకపోతే చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. తర్వాత సి పిలిచేసరికి అక్కడ ఎవరూ ఉండరు.

అక్షరాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే ఇది నేరుగా మన భాషలకు తగులుతుంది. పైథాన్‌లో 'అమ్మ' అని రాసి పొడవెంత అని అడగండి. 4 అంటుంది. అ, మ, కింద వత్తు రావాలని చెప్పే గుర్తు, మళ్లీ మ. అదే మాటను సి లైబ్రరీకి పంపాలంటే బైట్లుగా మార్చి పంపాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 12. ఇంగ్లీషులో నాలుగక్షరాల మాటకు 4 బైట్లే. పొడవు 4 అనుకుని నాలుగు బైట్ల చోటిస్తే మన అమ్మ సగంలోనే, 'మ' మొదట్లోనే విరిగిపోతుంది. ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకునే పిల్లలకు ఈ చిక్కు ఎవరూ చెప్పరు, వాళ్లకు రాదు కాబట్టి.

బైట్లు సరిగా చేరినా పని పూర్తికాదు. తెరమీద మ కింద మ వత్తు కుదురుగా కూర్చోవాలి కదా. గుర్తులను వరుసగా గీసుకుంటూ పోతే మ్, మ విడివిడిగా నిలబడతాయి. ఉర్దూకైతే ఇంకా అన్యాయం. అక్షరాలు చేతులు కలుపుకోవాల్సినచోట విడిపోయి, కుడినుంచి ఎడమకు నడవాల్సినవి తలకిందులవుతాయి. ఈ పని చేసిపెట్టే లైబ్రరీ పేరు హార్ఫ్‌బజ్. ఇక్కడున్న ఉర్దూ తెలిసిన పెద్దలు పేరు వినగానే పోల్చుకుని ఉంటారు. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే ఫారసీలో తెరిచి ఉన్నది. ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతి పేరుకు అది ఫారసీ రూపం. దాన్ని ఇన్నేళ్లుగా నడిపించిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగూ ఉర్దూ సరిగా కనబడుతున్నాయంటే దాని వెనక ఈ లైబ్రరీ ఉంది. లోపల సి ప్లస్ ప్లస్‌లో రాసినా, బయటివాళ్లు పిలవడానికి పెట్టిన గుమ్మం మాత్రం సి. అందుకే ఏ భాషనుంచైనా అందుతుంది. పైగేమ్ కుటుంబంలోని కొత్త రూపాల్లో 'ఈ అక్షరాలు ఫలానా లిపివి' అని ఫాంటుకు చెప్పే వీలు కూడా వచ్చింది.

మా తరగతిలో తమ ఆట పేరు అమ్మకు చదవడం వచ్చిన భాషలో ఉండాలని పట్టుబట్టిన పిల్లలు ఉన్నారు. వాళ్ల పట్టు నాకు నచ్చింది. ఫాంటు అక్షరాలను విరిచేస్తుంటే తాత్కాలికంగా పేరును బొమ్మగా గీసి అతికించమన్నాను, పని నడుస్తుంది. కానీ ఒకరైనా హార్ఫ్‌బజ్ దాకా వెళ్లి చూడాలని నా కోరిక. మన లిపుల కష్టం తెలిసినవాళ్లే ఆ పనిలో ఎక్కువ సాయపడగలరు.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. డీఎల్‌ఎల్ ఫైలు అంటే ఉత్త సమాచారం కాదు, నడిచే ప్రోగ్రాం. మన ప్రోగ్రాంలోకి దాన్ని తెరిస్తే, మనకు ఏ ఫైళ్లు చూసే హక్కుందో దానికీ ఆ హక్కు వస్తుంది. 'ఈ డీఎల్‌ఎల్ లేదు' అని సందేశం రాగానే గూగుల్‌లో వెతికి, కనబడ్డ చోటునుంచి దించుకునే అలవాటు పిల్లల్లో ఉంది. మాన్పించండి. లైబ్రరీని తయారుచేసినవాళ్ల సొంత చోటునుంచో, పైథాన్ పిప్ ద్వారానో, పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని తెచ్చుకోవాలి. ఇంకోటి, 32 బిట్ల పైథాన్ 64 బిట్ల డీఎల్‌ఎల్‌ను తెరవలేదు. మన పాత కంప్యూటర్లలో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి ముందు అది చూసుకోండి, సగం తలనొప్పులు అక్కడే తగ్గుతాయి.

ఖర్చు గురించి అడుగుతారు. లువా, ఎస్‌డీఎల్, పైగేమ్ అన్నీ ఉచితం, మూల ప్రోగ్రాంతో సహా ఎవరైనా చదువుకోవచ్చు. చేసిన ఆటను రేపు అమ్ముకున్నా అభ్యంతరం లేదు. పైగేమ్ లైసెన్సులో కొన్ని షరతులున్నాయి, అమ్మే రోజు వస్తే చదువుకోండి. బోధన కోసమే పుట్టినది కావాలంటే రేలిబ్ ఉంది. స్పెయిన్‌కు చెందిన రామోన్ సాంటమారియా 2013లో మొదలుపెట్టాడు. చిత్రకళ నేపథ్యంనుంచి వచ్చి, ప్రోగ్రామింగ్ ఎన్నడూ చేయని విద్యార్థులకు ఆటలు నేర్పవలసివచ్చి, వాళ్లకు అర్థమయ్యేలా సి లో ఒక లైబ్రరీ తానే రాసుకున్నాడు. ఒక టీచరు తన తరగతి కోసం చేసుకున్న పనిముట్టు అది. ఇప్పుడు ఎన్నో భాషలనుంచి దాన్ని పిలుస్తున్నారు, పైథాన్‌నుంచి కూడా. సహజంగానే నాకు దానిమీద కాస్త పక్షపాతం ఉంది.

ఆటలెందుకు చేయిస్తున్నారని అడిగిన తండ్రిగారికి నా జవాబు ఇదే. మీ అబ్బాయి ఈ వేసవిలో నిరూపక జ్యామితి చేశాడు. తెరమీద వై అక్షం కిందికి పెరుగుతుందని, పాఠ్యపుస్తకంలో పైకి పెరుగుతుందని గమనించి, ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నను నేను బడిలో ఇన్నేళ్లలో ఎవరి నోటా వినలేదు. కాయ రాలే వేగం ఫ్రేము ఫ్రేముకూ పెరగాలంటే ఏం కూడాలో తానే కనుక్కున్నాడు. ఇంటికొచ్చాక ఫోన్లో ఆటలు ఆడటం తగ్గించాడా లేదా అన్నది మీరు చెప్పాలి, నాకు తెలియదు.

సొంతంగా సి నేర్చుకోవాలా అని పెద్ద పిల్లలు అడుగుతున్నారు. నేర్చుకోండి, కానీ అవమానం భరించలేక కాదు. ముందు పైథాన్‌లో ఆట పూర్తిచేయండి. నిదానంగా ఉంటే సీప్రొఫైల్ పెట్టి సమయం ఎక్కడ పోతోందో కొలవండి. ఎక్కువసార్లు అది మీరు అనుకోని చోట ఉంటుంది. కొలిచి, లెక్క మార్చి, డబ్బా నింపి తీసుకెళ్లాక కూడా ఒక్క ఫంక్షన్ దగ్గరే ఆగిపోతుంటే, ఆ ఒక్కదాన్ని సి లో రాయండి. ఇరవై వరుసలు ఉంటుంది. మిగతా ఆట పైథాన్‌లోనే ఉండనివ్వండి.

తరగతి గది ఆదివారాలు ఉదయం పూట తెరిచే ఉంటుంది. ఈ వారం వచ్చేవాళ్లకు ఒక పని. విండోస్ కంప్యూటర్లలో పైగేమ్ ఉన్న ఫోల్డరు తెరిచి వెతకండి, ఎస్‌డీఎల్ 2 డీఎల్‌ఎల్ కనబడుతుంది. పక్కనే బొమ్మలది, శబ్దాలది, ఫాంట్లది కూడా ఉంటాయి. సిటైప్స్‌తో ఆ మొదటిదాన్ని తెరిచి, ఎస్‌డీఎల్ గెట్ సిస్టమ్ ర్యామ్ అనే ఫంక్షన్‌ను పిలవండి. అది ఏమీ తీసుకోదు, ఇచ్చేది మామూలు పూర్ణాంకం, కాబట్టి చిరునామా తెగే భయం లేదు. మొత్తం మూడు వరుసలు. మీ కంప్యూటర్లో ఎన్ని మెగాబైట్ల మెమరీ ఉందో చెబుతుంది. ఆ అంకె రాసుకురండి, ఏ కంప్యూటరుకు ముందుగా మెమరీ పెంచాలో సొసైటీవాళ్లకు ఎలాగూ జాబితా కావాలి.